టమాటా శాండ్‌విచ్: బ్రెడ్ నానకుండా, రుచి పోకుండా చేసుకునే పద్ధతి

ఎండాకాలం రాగానే టమాటా శాండ్‌విచ్ గురించి వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. బ్రెడ్ ఎందుకు నానిపోతోంది? టమాటా ఎందుకు చప్పగా ఉంటోంది? కొరకగానే ముక్కలన్నీ వెనకనుంచి ఎందుకు జారిపోతున్నాయి? మూడింటిలోనూ ప్రధాన దోషి టమాటాలోని నీళ్లే. పండులో నూటికి 94 పాళ్లు నీళ్లు. రుచి ఉండేదీ ఆ రసంలోనే, చిక్కు తెచ్చేదీ ఆ రసమే. అందుకే చాలామంది గింజలూ గుజ్జూ గీకేసి ఉత్త కండ మాత్రం పెట్టుకుంటారు. అలా చేయకండి. గింజల చుట్టూ ఉండే జిగురు గుజ్జులోనే పులుపూ కమ్మదనమూ ఎక్కువ. దాన్ని పారేస్తే మిగిలేదాంట్లో పెద్ద రుచేమీ ఉండదు. గుజ్జు ఉంచుకుంటూనే బ్రెడ్‌ను పొడిగా ఉంచుకోవచ్చు. వరస తప్పకుండా చేస్తే చాలు.

ఇక్కడ చెబుతున్నది బంగాళాదుంప కూర పెట్టి గ్రిల్ చేసే శాండ్‌విచ్ కాదు. బ్రెడ్, దాని మీద వెన్నో మయోనైజో, బాగా పండిన టమాటా, ఉప్పు, మిరియాలు. అంతే. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, ముఖ్యంగా నార్త్, సౌత్ కరొలినాలు రెండింటిలోనూ, జులై, ఆగస్టు నెలల్లో పెరటి టమాటాలు ఎర్రబడగానే ఇంటింటా చేసుకునేది ఇదే. అక్కడ ఉంటూ పెరట్లో నాలుగు టమాటా మొక్కలు పెట్టుకున్న తెలుగువాళ్లకు కాపంతా ఒక్కసారి మీద పడినప్పుడు పప్పు, పచ్చడి తర్వాత గుర్తుపెట్టుకోవాల్సిన వంటకం. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పొయ్యి వెలిగించబుద్ధి కాని పూట 20 నిమిషాల్లో అయిపోతుంది.

కావలసినవి (2 శాండ్‌విచ్‌లకు)

- శాండ్‌విచ్ బ్రెడ్: 4 స్లైసులు
- టమాటాలు: 200 నుంచి 250 గ్రాములు. మధ్యరకం కాయలైతే 3 వస్తాయి. అమెరికాలో దొరికే పెద్ద బీఫ్‌స్టేక్ రకమైతే ఒక్కటి చాలు, ఇంకా మిగలొచ్చు.
- వెన్న 4 టీస్పూన్లు, లేదా మయోనైజ్ 2 టేబుల్‌స్పూన్లు, లేదా నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు 3 టేబుల్‌స్పూన్లు
- ఉప్పు: పావు టీస్పూన్. ఉప్పు వెన్న వాడుతుంటే అందులో సగమే.
- మిరియాలు: 10 లేదా 12, అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచినవి
- రంపపు పళ్లున్న చాకు, ఒక జాలీ గాని చిల్లుల పళ్లెం గాని, శుభ్రమైన పొడి నూలుబట్ట లేదా టిష్యూలు

టమాటా దగ్గరే సగం పని అయిపోతుంది

బజారులో రెండు రకాలు కనబడతాయి. నాటు టమాటా గుండ్రంగా, కొంచెం నొక్కులతో, పలచటి తొక్కతో ఉంటుంది. రసమూ పులుపూ ఎక్కువ. హైబ్రిడ్ కోలగా, కోడిగుడ్డు ఆకారంలో, మందమైన తొక్కతో, గట్టి కండతో ఉంటుంది. ఇది లారీలో దూరం పోయినా చితకదు, అందుకే ఎక్కడ చూసినా ఇదే. రుచికి నాటుదే మేలు. ఇంట్లో చేసుకుని వెంటనే తినేటప్పుడు నాటు టమాటా తీసుకోండి. డబ్బాలో పట్టుకెళ్లాలంటే హైబ్రిడ్ సుఖం, ముక్క నిలబడుతుంది, రసం తక్కువ కారుతుంది. అందులో చప్పదనం ఉంటే ఉప్పుతోపాటు చిటికెడు పంచదార చల్లితే కొంత సర్దుకుంటుంది.

ఎంచుకునేటప్పుడు రంగు ఒక్కటే చూస్తే మోసపోతారు. ఎండాకాలంలో అయితే మరీను. ఎండ 32 డిగ్రీలు దాటిందంటే కాయలో ఎర్రరంగు సరిగ్గా పట్టదు. అందుకే మే నెల కాయ పూర్తిగా పండినా నారింజ రంగులోనే ఉండిపోవచ్చు. తొడిమ చుట్టూ పసుపుపచ్చగా, గట్టిగా మిగిలిపోవచ్చు. అలాంటి కాయ పనికిరానిదేమీ కాదు, ఆ గట్టి భాగం కోసి తీసేస్తే సరి. ఒక పక్కన తెల్లగా, కాగితంలా ఎండిన మచ్చ ఉంటే అది ఎండదెబ్బ. ఆ మచ్చ చిన్నదైతే తీసేసి వాడుకోవచ్చు, పెద్దదైతే ఆ కాయ పులుసుకు పోనివ్వండి. అడుగున నల్లగా లోపలికి కుంగిన మచ్చ ఉన్న కాయను మాత్రం అసలు తీసుకోకండి.

రంగుకన్నా నమ్మదగ్గవి మూడున్నాయి. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువు తెలియాలి. బొటనవేలితో మెల్లగా నొక్కితే కాస్త లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి. లోపలికి పోయి అలాగే గుంటపడితే మగ్గిపోయినట్టు, అసలు కదలకపోతే ఇంకా దోరగానే ఉన్నట్టు. మూడోది వాసన. తొడిమ దగ్గర ముక్కు పెట్టి చూడండి, ఆకు వాసనా తీపి వాసనా కలిసి రావాలి. ఏ వాసనా లేని టమాటాకు శాండ్‌విచ్‌లో ఏ రుచీ ఉండదు. వండితే ఆ లోపం మసాలాలో కలిసిపోతుంది గాని, పచ్చిగా తిన్నప్పుడు దాచడానికి వీల్లేదు.

మదనపల్లె, కోలారు లాంటి చోట్ల నుంచి దూరం వెళ్లే సరుకును రంగు తిరుగుతుండగానే కోస్తారు. కాబట్టి కొన్నరోజే వాడాలని పట్టుబట్టకండి. తొడిమ వైపు కిందికి వచ్చేలా, ఒకదానికొకటి తగలకుండా పళ్లెంలో పరిచి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే మూల పెట్టండి. నీళ్ల కుండ పక్కన బావుంటుంది. ఫ్రిజ్ మీద మాత్రం వద్దు, అక్కడ వేడి ఎక్కువ. రోజుకు రెండుసార్లు నొక్కి చూడండి. ఎండాకాలంలో దోరకాయ 2 రోజుల్లో తిరిగిపోతుంది.

ఇక ఫ్రిజ్ సంగతి. 12 డిగ్రీల కంటే తక్కువ చల్లదనంలో టమాటా వాసన తగ్గిపోతుంది, కండ పిండిపిండిగా అవుతుంది. దోరకాయను ఫ్రిజ్‌లో పెడితే ఇక సరిగ్గా పండదు. కానీ బయట 42 డిగ్రీలున్నప్పుడు బాగా పండిన కాయ మర్నాటికి కుళ్లుతుంది. అప్పుడు ఫ్రిజ్ తప్పదు. కూరగాయల అరలో 1 లేదా 2 రోజులు ఉంచి, కోయడానికి అరగంట ముందు బయట పెట్టండి. చల్లటి ముక్కకు నాలుక మీద రుచి తెలియదు.

బ్రెడ్, దాని మీద రాసేది

తియ్యటి మిల్క్ బ్రెడ్ ఈ పనికి పనికిరాదు. టమాటా పులుపు, ఆ తీపి రెండూ పొసగవు. మామూలు తెల్ల శాండ్‌విచ్ బ్రెడ్ చాలు. బ్రౌన్ బ్రెడ్ కావాలనుకుంటే ప్యాకెట్ మీద పదార్థాల వరసలో మొదటి పేరు గోధుమపిండా, మైదానా చూసుకోండి. రంగు చూసి కొనకండి. బేకరీలో కోయని లోఫ్ దొరికితే ఇంకా మంచిది, ఒకటింపావు సెంటీమీటరు మందాన కోసుకోవచ్చు.

ఆనాటి బ్రెడ్ అయితే మేలు. మిగిలిందాన్ని ఫ్రిజ్‌లో పెడితే బూజు పట్టకపోవచ్చు గాని బయటకన్నా తొందరగా గట్టిపడి పొడిపొడిగా రాలుతుంది. రెండు మూడు రోజుల్లో తినలేమనుకుంటే గట్టిగా మూతకట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. తీశాక కవర్ విప్పకుండానే 15 నిమిషాలు వదిలేయండి. విప్పి పెడితే గాలిలోని తేమ బ్రెడ్ మీద పట్టి, అక్కడే నానడం మొదలవుతుంది.

వెన్న గాని మయోనైజ్ గాని రుచికోసమే రాస్తారనుకుంటారు. అసలు పని అది కాదు. కొవ్వు పొర ఉంటే రసం బ్రెడ్‌లోకి దిగదు. అందుకే దుకాణపు వెన్న మంచిది, అందులో కనీసం 80 శాతం కొవ్వు ఉంటుంది. ఇంట్లో చిలికిన వెన్న వాడతామంటే దాన్ని చల్లటి నీళ్లలో రెండుసార్లు కడిగి, అరచేత్తో అదిమి నీళ్లు పిండేయండి. లోపల మజ్జిగ మిగిలితే ఆ తేమ నేరుగా బ్రెడ్‌కే పోతుంది. ఫ్యాట్ స్ప్రెడ్ అని రాసి ఉన్న డబ్బాల్లో చాలావాటిలో కొవ్వు తక్కువ, నీళ్లు ఎక్కువ. అవి ఈ పనికి సరిగ్గా ఆనవు.

మయోనైజ్ విషయంలో ఒక హెచ్చరిక. పచ్చి గుడ్డుతో ఇంట్లోగాని చిన్న దుకాణాల్లోగాని చేసినది ఎండాకాలంలో వాడకండి. ఫుడ్ పాయిజనింగ్ కేసుల తర్వాత తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు పచ్చి గుడ్డు మయోనైజ్‌ను నిషేధించింది కూడా. కంపెనీ సీలుతో వచ్చే గుడ్డులేని రకం తెచ్చుకుని, తెరిచాక ఫ్రిజ్‌లోనే ఉంచండి.

పెరుగుతో చేయాలనుకునేవాళ్లు ముందురోజు రాత్రే మొదలుపెట్టాలి. పావుకిలో గడ్డపెరుగును పలచటి బట్టలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, మొత్తం ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఈ ఎండకు బయట వేలాడదీస్తే తెల్లారేసరికి పుల్లబడిపోతుంది. పొద్దున్నకి దాదాపు సగం బరువున్న గట్టి ముద్ద మిగులుతుంది. చెంచాతో తీస్తే జారకుండా నిలబడాలి. ఇందులో కొవ్వు తక్కువ కాబట్టి వెన్నంత బాగా రసాన్ని ఆపలేదు. చేసిన వెంటనే తినేయాలి.

చేసే విధానం

1. టమాటాలను కడగండి. పారే నీళ్లలో చేత్తో రుద్ది కడిగి, వెంటనే పొడిబట్టతో తుడవండి. తొడిమ గుంటలో నీళ్లు నిలుస్తాయి, అక్కడ బట్ట కొసతో అద్దండి. కోశాక కడగడం ఎప్పుడూ వద్దు.

2. బ్రెడ్‌ను ఒక్క వైపే కాల్చండి. పెనం మధ్యస్థంగా వేడెక్కాక, నూనె గాని వెన్న గాని వేయకుండా స్లైసును పెట్టి, 1 నిమిషం నుంచి ఒకటిన్నర నిమిషం ఉంచండి. లేత గోధుమరంగు వస్తే చాలు. కాల్చిన వైపు లోపలికి, టమాటా వైపుకు వస్తుంది. ఆ పొర రసాన్ని కొంతసేపు ఆపుతుంది, బయటి వైపు మెత్తగానే ఉండి అంగిలికి గీసుకోదు. రెండువైపులా కాల్చితే కొరికినప్పుడు బ్రెడ్ బిగుసుకుని టమాటాను బయటికి నెట్టేస్తుంది. పొయ్యే వద్దనుకునే రోజున ఈ మెట్టు వదిలేయండి, కాని అప్పుడు కొవ్వు పొర ఇంకాస్త మందంగా పట్టించాలి.

3. కాల్చిన స్లైసులను జాలీ మీద ఆరనివ్వండి. కాలిన వైపు పైకి ఉండాలి. పళ్లెంలో పెడితే కింద ఆవిరి పట్టి చెమటలా తడి చేరుతుంది. జాలీ లేకపోతే రెండు స్లైసులను ఒకదానికొకటి ఆనించి గుడారంలా నిలబెట్టండి. 3 నిమిషాలు చాలు. చెంపకు ఆనిస్తే వేడి తెలియకూడదు.

4. టమాటాలు కోయండి. తొడిమ భాగాన్ని చాకు మొనతో గుంటగా తీసేసి, కాయను పక్కకు పడుకోబెట్టి అడ్డంగా చక్రాల్లా కోయండి. అప్పుడు గుజ్జు చుట్టూ కండ గోడలుండి అది పట్టి ఉంటుంది. నాటు టమాటా, పెద్ద రకాలు 7 లేదా 8 మిల్లీమీటర్ల మందాన, గట్టి హైబ్రిడ్ 5 మిల్లీమీటర్ల మందాన. రెండు చివరల ముక్కలు శాండ్‌విచ్‌లో పెట్టకండి, వాటి మీద తొక్క ఎక్కువ, జారతాయి. చాకును కిందికి అదమకుండా ముందుకీ వెనక్కీ లాగుతూ కోయాలి. రంపపు పళ్ల చాకు లేకపోతే మామూలు చాకు మొనతో తొక్క మీద చిన్న గాటు పెట్టి, అక్కడినుంచి కోయండి. పదును లేకపోతే పింగాణీ కప్పు అడుగున ఉండే గరుకు అంచు మీద చాకును వాలుగా నాలుగైదుసార్లు రుద్ది, నీళ్లతో కడిగి తుడుచుకుంటే ఆ పూటకు సరిపోతుంది. కాయ కోస్తున్నప్పుడు బల్ల మీద రసం మడుగు కడుతోందంటే తప్పు కాయది కాదు, చాకుది.

5. ఉప్పు చల్లి ఆరబెట్టండి. ముక్కలను ఒక వరసలోనే, జాలీ మీద గాని చిల్లుల పళ్లెంలో గాని పరవండి. కింద ఒక పళ్లెం ఉంచండి. ఉప్పులో సగం ఇప్పుడు చల్లండి. చెయ్యి ఒక జానెడు ఎత్తులో ఉంచి చల్లితే సమంగా పడుతుంది. 5 నిమిషాలు. దగ్గరగా చూస్తే మొదట ఉప్పు రవ్వలు కరుగుతాయి, తర్వాత కండ మీద సన్నటి నీటి చుక్కలు పొడుచుకొస్తాయి, అవి ఒకదాంతో ఒకటి కలిసి అంచు వైపు జారడం మొదలుపెడతాయి. అక్కడ ఆపండి. బట్టను గాని టిష్యూను గాని ముక్కల మీద పరిచి అరచేత్తో తేలిగ్గా ఒత్తి తీయండి, తిప్పి రెండో వైపూ అలాగే. గుజ్జు మీద రుద్దకండి, ఊడొస్తుంది. ఈ 5 నిమిషాలు అరగంట కాకూడదు. ఎక్కువసేపు వదిలితే కండ వడిలి, గింజలు తేలి, ముక్క తోలులా సాగుతుంది.

6. బ్రెడ్‌కు వెన్న పట్టించండి. ఈ ఎండకు వెన్న ఎప్పుడు తీయాలన్నదే అసలు సంగతి. గది 40 డిగ్రీల దగ్గర ఉంటే వెన్న నూనెలా కరిగి బ్రెడ్‌లోకి ఇంకిపోతుంది, పొర మిగలదు. ఫ్రిజ్ నుంచి 5 నుంచి 8 నిమిషాల ముందు తీస్తే చాలు. వేలు పెడితే సొట్ట పడాలి, వేలికి జిడ్డు కారకూడదు. ఒక్కో స్లైసుకు 1 టీస్పూన్, కాల్చిన వైపున, నాలుగు అంచులదాకా. మధ్యలో ఇంత ముద్ద పెట్టి అంచులు వదిలేయడం అందరూ చేసే పొరపాటు. రసం దిగేది ముందు అంచుల దగ్గరే. స్లైసును వాలుగా పట్టుకుని వెలుతురులో చూడండి. ఎక్కడా మెరుపు లేని చోటు కనిపించకూడదు. మయోనైజ్ అయితే స్లైసుకు అర టేబుల్‌స్పూన్.

7. ముక్కలు పేర్చండి. వెన్న మీద ముందు మిరియాల పొడి చల్లండి, దానిమీద టమాటా. ఒక ముక్క అంచు మీదకు ఇంకో ముక్క కాస్త ఎక్కేలా, బ్రెడ్ అంచుకు అర సెంటీమీటరు లోపలే ఉండేలా. ఒక్క వరసే. రెండు వరసలు పెడితే తడి ముక్క మీద తడి ముక్క జారుతుంది, కొరకగానే బయటికి వచ్చేది అదే. ఖాళీలున్నచోట సగం ముక్కలు పెట్టండి. ఇప్పుడు మిగిలిన ఉప్పులోంచి చిటికెడు పైన చల్లండి. చల్లేముందు ఒక చివర ముక్క తిని చూడండి, ఉప్పు సరిపోయిందనిపిస్తే మానేయండి.

8. మూసి, కోయండి. రెండో స్లైసు మూసి, అరచేతిని పైన పెట్టి పది లెక్కపెట్టేదాకా మెల్లగా ఆనించి ఉంచండి. వెన్న ముక్కలను పట్టుకుంటుంది. రంపపు చాకుతో కొస నుంచి కొసకు అదమకుండా కోయండి. రెండు ముక్కలు చేస్తే చాలు. నాలుగు చేస్తే కోసిన అంచులు పెరిగి రసం కారే దారులు కూడా పెరుగుతాయి.

9. వెంటనే తినండి. పది నిమిషాల్లోపు తింటే బ్రెడ్ మెత్తగా, టమాటా రసంగా, రెండూ వేరుగా తెలుస్తాయి.

సరిగ్గా వచ్చిందా లేదా ఎలా తెలుస్తుంది

మొదటిసారి చేసినప్పుడు ఒక శాండ్‌విచ్‌ను పరీక్షకు వదలండి. 10 నిమిషాల తర్వాత కింది స్లైసును వెనక్కి తిప్పి చూడండి. తెల్లగా, పొడిగా ఉంటే అన్నీ కుదిరినట్టే. నడుమ మాత్రమే ఎర్రటి తడి మచ్చ వచ్చిందంటే ముక్కలను సరిగ్గా ఒత్తి ఆరబెట్టలేదు. అంచుల వెంబడి తడి ఉంటే వెన్న అంచుదాకా చేరలేదు. స్లైసు మొత్తం చెమ్మగా, ఎర్రదనం లేకుండా ఉంటే అది టమాటా తడి కాదు, వేడి బ్రెడ్ మూసేయడం వల్ల పట్టిన ఆవిరి.

చప్పగా అనిపిస్తే ముందు ఉప్పును అనుమానించండి. టమాటాకు ఉప్పు పడాలి. వెన్నలోనో మయోనైజ్‌లోనో ఉప్పుందిగా అని ముక్కల మీద వేయడం మానేస్తే ఎంత మంచి కాయైనా నీళ్లలా ఉంటుంది. ఉప్పు సరిపోయినా చప్పగా ఉంటే కాయ చల్లగా ఉందేమో చూడండి. అదీ కాకపోతే కాయే దోరది, ఇంకో రోజు ఆగాల్సింది.

తొక్క పళ్లకు అడ్డం పడుతూ, కొరికితే ముక్క మొత్తం ఊడొస్తోందా? ఎండాకాలపు హైబ్రిడ్‌తో ఇది మామూలే. కాయ అడుగున ప్లస్ గుర్తులా గాటు పెట్టి, మరిగే నీళ్లలో 20 సెకన్లు ముంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేస్తే తొక్క చేత్తోనే వచ్చేస్తుంది. 20 సెకన్లు దాటితే పైకండ ఉడికి జారుడుగా అవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ఈ శ్రమ పడండి, వాళ్లకు తినడం సులువవుతుంది.

మరో పొరపాటు, రుచి సరిపోలేదని లోపల ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోవడం. కీరా పెడితే ఇంకో నీళ్ల కాయ చేరినట్టు. ఉల్లి పచ్చిగా ఘాటెక్కుతుంది. పెట్టాలనే ఉంటే కాగితమంత సన్నగా కోసి 10 నిమిషాలు చల్లటి నీళ్లలో ఉంచి, పిండి, తుడిచి, నాలుగంటే నాలుగు చక్రాలు. చీజ్ స్లైసు ఒకటి బ్రెడ్‌కు ఆనించి పెడితే తేమను ఆపుతుంది గాని, టమాటా రుచిని అదే మింగేస్తుంది. ఈ శాండ్‌విచ్‌లో టమాటాయే కనబడాలి.

మార్పులు

పొడితో చేసేది మన ఇళ్లకు బాగా కుదురుతుంది. వెన్న పట్టించాక మిరియాల బదులు అర టీస్పూన్ పుట్నాల పొడి గాని కరివేపాకు పొడి గాని సమంగా చల్లి, దాని మీద టమాటా పెట్టండి. ముక్కల నుంచి కారే కాస్త రసాన్ని ఆ పొడి పీల్చుకుని ముద్దగా పట్టుకుంటుంది. బ్రెడ్ ఇంకో పది నిమిషాలు ఎక్కువ నిలుస్తుంది. పొడిలో ఉప్పు ఉంటుంది కాబట్టి పైన చల్లే చిటికెడు ఉప్పు మానేయండి. పల్లీ పొడి కూడా బావుంటుంది. బాగా కారంగా ఉండే పొడులు మాత్రం పావు టీస్పూన్ దాటనివ్వకండి.

కొత్తిమీర పచ్చడితో చేయాలంటే నీళ్లు పోయకుండా రుబ్బాలి. గుప్పెడు కొత్తిమీర, 1 పచ్చిమిర్చి, 1 టీస్పూన్ పుట్నాలు, అర చెక్క నిమ్మరసం, ఉప్పు. మిక్సీ తిరగకపోతే నీళ్ల బదులు ఇంకాస్త నిమ్మరసం పిండండి. వెన్న ముందు, పచ్చడి తర్వాత. పచ్చడి నేరుగా బ్రెడ్ మీద రాస్తే పచ్చగా నానుతుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు ఆ ప్రాంతపు పద్ధతిలోనే చేసి చూడండి. మెత్తటి తెల్ల బ్రెడ్, కాల్చకుండా. రెండు స్లైసులకూ ధారాళంగా మయోనైజ్. దక్షిణాదిలో చాలామంది పట్టుబట్టేది డ్యూక్స్ మయోనైజ్ కోసం. యూజీనియా డ్యూక్ అనే ఆవిడ సౌత్ కరొలినాలోని గ్రీన్‌విల్‌లో 1917లో శాండ్‌విచ్‌లు చేసి అమ్మడంతో మొదలైన సరుకు అది. అందులో పంచదార ఉండదు, పులుపు కాస్త ముందుంటుంది. అందుకే తియ్యటి టమాటాకు నప్పుతుంది. టమాటా విషయంలో బ్రాండీవైన్, చెరొకీ పర్పుల్ లాంటి పాతకాలపు రకాలు జులై తర్వాత రైతు సంతల్లో దొరుకుతాయి. వాటి భుజాలు, అంటే తొడిమ చుట్టూ ఉండే పైభాగం, ఆకుపచ్చగా ఉన్నా, తొక్క పగిలినట్టున్నా కంగారు పడకండి, చెరొకీ పర్పుల్ పండినా భుజాల దగ్గర ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. పగులు పొడిగా ఆరిపోయి ఉంటే తీసుకోవచ్చు, తడిగా గాని బూజుతో గాని ఉంటే వద్దు. ఒక్కో కాయ 300 గ్రాములు దాటుతుంది, ఒకే చక్రం బ్రెడ్ మొత్తాన్ని కప్పేస్తుంది. అలాంటి కాయను ఒక సెంటీమీటరు మందాన కోసినా ఫర్వాలేదు. ముక్కలు జారే గొడవే ఉండదు.

డబ్బాలో పెట్టాలంటే

ఆఫీసుకో బడికో చేసిపెట్టిన శాండ్‌విచ్ మధ్యాహ్నానికి బాగుండటం సాధ్యం కాదు, ఎంత జాగ్రత్తపడినా. విడివిడిగా పంపండి. వెన్న పట్టించిన రెండు స్లైసులను వెన్న వైపులు లోపలికి వచ్చేలా మూసి, బట్టలోనో బటర్ పేపర్‌లోనో చుట్టండి. టమాటాలను కోయకుండా కాయగానే పంపి అక్కడే కోసుకుంటే అన్నిటికన్నా మేలు. చాకు వీలుకాని బడి పిల్లలకైతే హైబ్రిడ్ ముక్కలు కోసి, ఉప్పు లేకుండా, అడుగున మడతపెట్టిన టిష్యూ వేసిన చిన్న డబ్బాలో పెట్టి, ఉప్పూ మిరియాలూ చిన్న పొట్లంలో ఇవ్వండి. ఉప్పు ముందే చల్లితే డబ్బా తెరిచేసరికి చారు తయారుగా ఉంటుంది.

కోసిన టమాటా, మయోనైజ్ రెండూ వేడికి పాడయ్యేవే. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటకు మించి బయట ఉంచకండి. అంతకన్నా ఎక్కువసేపు పట్టేటట్టయితే చిన్న ఐస్ ప్యాక్ తోడు పెట్టండి, లేదా మయోనైజ్ మానేసి వెన్న, పొడి రకం పంపండి. వాసన బావుందిగా అని తినేయకండి, చెడింది వాసనలో ప్రతిసారీ తెలియదు.

జాలీ కింద పళ్లెంలో చేరిన ఉప్పటి రసాన్ని పారబోయకండి. దానిలో చల్లటి మజ్జిగ పోసుకుని, నలిపిన కరివేపాకు రెండు రెబ్బలు వేసి శాండ్‌విచ్ పక్కన తాగొచ్చు. పక్కకు పెట్టిన చివర ముక్కలు, కోసి తీసేసిన గట్టి భుజాలు ఫ్రిజ్‌లో మూతపెట్టి ఉంచితే రాత్రి పప్పులోకి వస్తాయి.